ప్లగ్గు దాకా రాని రాయితీ

*ఎలక్ట్రిక్ బండి కొంటే తెలంగాణలో రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ఉంది. జీఎస్టీ ఐదు శాతమే. మరి ఆ బండిని నింపుకునే చార్జర్ సంగతేమిటి? దాని మీద కట్టిన పన్ను ఎవరికి వెనక్కి వస్తుంది, ఎవరికి రాదు, ఎందుకు రాదు? హైదరాబాద్‌లో కాప్రా అపార్ట్‌మెంట్ల సెల్లార్ల నుంచి నాచారం వర్క్‌షాపుల దాకా ఇప్పుడు వినిపిస్తున్న ప్రశ్న ఇది.*

ఒక ఆదివారం పొద్దున పదింటికి కాప్రాలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మీటింగులో మూడు విషయాలు: బోరు మోటారు, లిఫ్టు మెయింటెనెన్స్, చార్జింగ్ పాయింట్లు. మొదటి రెండూ పావుగంటలో తేలిపోయాయి. మూడోదానికి రెండు గంటలు పట్టింది.

అంతకు వారం ముందు మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కిందికి వేలాడింది. దాని చివర స్కూటర్ చార్జర్. రాత్రి వాన కురిసింది. వైరు జాయింటు దగ్గర నిప్పురవ్వలు చూసి వాచ్‌మన్ పరుగెత్తి మెయిన్ ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి తర్వాత ‘ఇలా వద్దు, పద్ధతిగా పాయింట్లు పెట్టిద్దాం’ అనే మాట మీద అందరూ ఒక్కటయ్యారు.

మా కోశాధికారి ఈసీఐఎల్‌లో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన. ప్రతి కాగితమూ ఫైల్లో పెట్టే మనిషి. కొటేషన్ తీసి చూపించారు. “జీఎస్టీ మొత్తం క్రెడిట్ కింద వెనక్కొస్తుందని కొటేషన్ ఇచ్చినతను అంటున్నాడు. వస్తే సరే. రాకపోతే ఆ భారం కార్పస్ ఫండ్ మీద పడుతుంది. ముందు అది తేలాలి” అన్నారు. వెనక వరుసలోంచి రెండో అంతస్తు కుర్రాడు లేచాడు. పార్సిళ్లు తిప్పే పని అతనిది. రోజూ నాచారం, ఉప్పల్, హబ్సిగూడ చుట్టి వస్తాడు. “సార్, నేను కిరాయికుంటున్న. ఈ క్రెడిట్ల నాకేమొస్తది?” అన్నాడు.

ఆ రోజు అతని ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. దానికోసమే నేను చట్టాలు, జీవోలు, తీర్పులు ముందేసుకుని కూర్చున్నాను. చదివే కొద్దీ ఒకటి స్పష్టమైంది. మన దగ్గర రాయితీ బండిదాకా వచ్చింది, ప్లగ్గు దాకా రాలేదు. ప్లగ్గు దగ్గర దక్కే కాస్త పన్ను లాభమైనా వ్యాపారం చేసి, నమోదు చేసుకుని, బిల్లు చూపించగలిగినవారికే. ఆ హద్దులు ఎక్కడున్నాయో తెలియకుండా కొటేషన్ మీద సంతకం పెడితే నష్టం మనదే.

బండికి వచ్చినవి

ముందు బండి సంగతి. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అదే రోజున చార్జర్లు, చార్జింగ్ స్టేషన్ల మీద పన్ను కూడా 18 నుంచి 5 శాతానికి దిగింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు కూడా ఎలక్ట్రిక్ వాహనాలు ఐదు శాతంలోనే ఉండిపోయాయి. ఈ తగ్గింపు ఎవరికైనా దక్కుతుంది. అద్దెకున్నా, సొంతిల్లున్నా బిల్లులోనే కనిపిస్తుంది.

రెండోది రాష్ట్రం ఇచ్చింది. 2020 అక్టోబరులో వచ్చిన తెలంగాణ ఎలక్ట్రిక్ వాహన విధానం రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. కాకపోతే లెక్కపెట్టి ఇచ్చింది: మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు, మొదటి 20 వేల ఆటోలకు, మొదటి 5 వేల సొంత కార్లకు. ఆ లెక్క దాటాక కొన్నవారికి లేదు. 2024 నవంబరులో జీవో 41 ఆ సంఖ్యల పరిమితి ఎత్తేసి, 2026 డిసెంబరు 31 దాకా గడువు పెట్టింది. అంటే మొదట హద్దు సంఖ్యలో ఉండేది, తర్వాత తేదీలోకి మారింది.

మూడోది ఆదాయపు పన్నులో. 80ఈఈబీ అనే సెక్షన్ కింద ఎలక్ట్రిక్ వాహనం కోసం తీసుకున్న రుణం వడ్డీలో ఏడాదికి లక్షన్నర దాకా మినహాయింపు. కానీ ఆ రుణం 2019 ఏప్రిల్ 1కీ 2023 మార్చి 31కీ మధ్య మంజూరై ఉండాలి. తీసుకున్నది వ్యక్తి అయి ఉండాలి, కంపెనీ కాదు. ఇచ్చింది బ్యాంకో ఆర్థిక సంస్థో అయి ఉండాలి, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు చెల్లదు. పైగా కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అది వర్తించదు. మా వీధిలో 2023 వేసవిలో కారు కొన్న ఒక టీచరమ్మ నెల తేడాతో ఈ మినహాయింపు పోగొట్టుకున్నారు. డీలరు షాపులో ఆ మాట ఎవరూ చెప్పలేదట.

ఈ మూడింటిలోనూ ఇంట్లో పెట్టుకునే చార్జర్‌కు విడిగా దక్కేది ఆ ఐదు శాతం రేటు ఒక్కటే. రోడ్డు ట్యాక్స్ మినహాయింపు బండికి. వడ్డీ మినహాయింపు బండి రుణానికి. గోడకు చార్జర్ బిగించి, మీటరు నుంచి కొత్త వైరు లాగించి, ఎర్తింగ్ చేయించిన ఖర్చును జీతగాడు ఆదాయపు పన్నులో చూపించే దారి మన చట్టంలో లేదు.

క్రెడిట్ అంటే ఏమిటి?

కొటేషన్ ఇచ్చినతను చెప్పింది ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ గురించి. అదేమీ ప్రభుత్వం ఇచ్చే బహుమతి కాదు. ఒక వ్యాపారి తాను కొన్న వస్తువు మీద కట్టిన జీఎస్టీని, తాను అమ్మినప్పుడు వసూలు చేసి కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటాడు. పన్ను మీద పన్ను పడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. గొలుసులో చివరి మనిషి, అంటే వాడుకునేవాడు, అసలు పన్ను మోస్తాడు. అతనికి తగ్గించుకోవడానికి అవతల ఏమీ ఉండదు.

ఇక్కడే మొదటి గీత. సొంత వాడకానికి కొన్న వస్తువు మీద క్రెడిట్ లేదని జీఎస్టీ చట్టం 17(5) స్పష్టంగా అంటుంది. ఇంటి చార్జర్ సొంత వాడకమే. కాబట్టి ఇంటికి కొన్న చార్జర్ మీద కట్టిన ఐదు శాతం, ఎలక్ట్రీషియన్ సంస్థ వేసిన 18 శాతం ఇంటి ఖర్చులోనే కలిసిపోతాయి.

మరి ఎవరికి వస్తుంది? ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. నాచారం పారిశ్రామికవాడలో రోడ్డు పక్క ఖాళీ స్థలంలో ఒకతను చార్జింగ్ స్టేషన్ పెడుతున్నాడనుకుందాం. జీఎస్టీ నమోదు ఉంది. చార్జర్లు పది లక్షలు, వాటి మీద 5 శాతం అంటే 50 వేలు. ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్లు, ప్యానెళ్లు ఆరు లక్షలు, వాటి మీద 18 శాతం అంటే లక్షా 8 వేలు. కాపలా మనిషికి గది, ప్రహరీ, కాంక్రీటు ఫ్లోరింగ్ కలిపి కాంట్రాక్టరుకు నాలుగు లక్షలు, 18 శాతం అంటే 72 వేలు. మొత్తం కట్టిన పన్ను 2 లక్షల 30 వేలు. అతనికి క్రెడిట్‌గా మిగిలేది లక్షా 58 వేలు. ఆ 72 వేలు రావు.

పునాదికి సరే, గదికి కాదు

ఎందుకు రావు? స్థిరాస్తి కట్టడానికి అయిన ఖర్చు మీద క్రెడిట్ ఇవ్వకూడదన్నది 17(5)లోని సీ, డీ క్లాజుల సారం. దీనికి ఒక మినహాయింపు ఉంది: ప్లాంట్, మెషినరీ. భూమికి పునాది వేసి బిగించిన యంత్రం, ఆ పునాది, దాన్ని పట్టి ఉంచే ఊతం వరకు మినహాయింపులోకి వస్తాయి. భూమి, భవనం, ఇతర సివిల్ కట్టడాలు రావు. అందుకే చార్జర్ నిలబడే కాంక్రీటు దిమ్మెకు క్రెడిట్ దొరుకుతుంది. దాని పక్కనే అదే మేస్త్రీ అదే సిమెంటుతో కట్టిన గదికి దొరకదు.

ఈ గీత మీద దేశమంతా చూసిన కేసు ఒకటి నడిచింది. భువనేశ్వర్‌లో మాల్ కట్టిన సఫారీ రిట్రీట్స్ అనే సంస్థ, అద్దెల మీద జీఎస్టీ కడుతున్నప్పుడు కట్టడం మీద కట్టిన పన్ను క్రెడిట్ ఎందుకివ్వరని కోర్టుకెక్కింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, డీ క్లాజులో ‘ప్లాంట్ లేదా మెషినరీ’ అని రాసి ఉందని, చట్టం మరోచోట నిర్వచించింది ‘ప్లాంట్ మరియు మెషినరీ’ అని, రెండూ ఒకటి కావని చెప్పింది. ఒక కట్టడం వ్యాపారంలో ప్లాంట్‌లా పనిచేస్తుందో లేదో చూసి నిర్ణయించాలంది. కొద్ది నెలలకే 2025 ఫైనాన్స్ చట్టం ఆ ‘లేదా’ని ‘మరియు’గా మార్చింది. అదీ 2017 జూలై 1 నుంచి, అంటే జీఎస్టీ పుట్టిన రోజు నుంచి అమలయ్యేట్టు. ఒక్క పదంతో తలుపు తెరుచుకుంది, ఒక్క పదంతో మూసుకుంది.

చార్జింగ్ స్టేషన్ పెట్టాలనుకునేవారు ఈ కథ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. సివిల్ పని, యంత్రం బిగింపు కలిపి ఒకే మొత్తంగా ‘టర్న్‌కీ’ బిల్లు తీసుకుంటే ఏది యంత్రం, ఏది గోడ అని తర్వాత విడదీసి చూపించడం కష్టం. చేసిన పని ఏదో, ఎంతో, ఉన్నది ఉన్నట్టు వరుసగా రాసిన బిల్లు తీసుకోవాలి.

ఆస్పత్రి, బడి, కిరాణా, క్యాబ్

నమోదు ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే న్యాయం దక్కదు. ఏ.ఎస్.రావు నగర్‌లో ఒక క్లినిక్ రోగుల కోసం చార్జర్ పెట్టిందనుకోండి. వైద్య సేవల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సేవ కోసం వాడిన సరుకు మీద క్రెడిట్ కూడా ఉండదు. నాచారంలో ఒక బడి ఎలక్ట్రిక్ బస్సు కొని చార్జర్ బిగించినా అదే సంగతి, చదువు మీద జీఎస్టీ లేదు కాబట్టి. కుషాయిగూడలో, చిన్న వ్యాపారులు రాబడి మీద తక్కువ శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పథకం కింద ఉన్న కిరాణా కొట్టు ముందు రెండు స్కూటర్ పాయింట్లు పెడితే, కాంపోజిషన్‌లో ఉన్నవారికి క్రెడిట్ అసలే లేదు. ఉప్పల్ మెట్రో దగ్గర సవారీల కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవరుకు జీఎస్టీ నమోదే ఉండకపోవచ్చు. అతను ఇంట్లో పెట్టుకున్న చార్జరే అతని పొట్ట నింపే పనిముట్టు అయినా, పన్ను లెక్కలో అతను చివరి మనిషే.

ఇక మా అపార్ట్‌మెంట్ లాంటి సంఘాలు. సభ్యుడి దగ్గర నెలకు రూ.7,500 దాకా తీసుకునే మెయింటెనెన్స్ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటకపోతే నమోదు అవసరమే లేదు. నమోదు లేకపోతే క్రెడిట్ లేదు. నమోదు చేసుకుని పన్ను కట్టే పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు జనరేటర్లు, నీటి పంపుల వంటి వాటి మీద క్రెడిట్ తీసుకోవచ్చని 2019 జూలైలో ప్రభుత్వం సర్క్యులర్‌లో చెప్పింది. చార్జర్‌కూ ఆ తర్కం వర్తిస్తుంది. కానీ కొంత రాబడి పన్నులోకీ కొంత మినహాయింపులోకీ వస్తే, క్రెడిట్ కూడా ఆ నిష్పత్తిలోనే.

మా అసోసియేషన్‌కు నెలవారీ మెయింటెనెన్స్ రెండు వేలు. నమోదు లేదు. అంటే కొటేషన్‌లో రాసిన క్రెడిట్ మాకు ఒక్క రూపాయి కూడా రాదు. కొటేషన్ ఇచ్చినతను అబద్ధం చెప్పాడని నేననను. వేరే కస్టమరుకు నిజమైన మాటను మాకూ నిజమనుకున్నాడు. చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు ఇదే.

చార్జింగ్ అంటే కరెంటు అమ్మడమా?

చార్జింగ్ స్టేషన్ నడిపేవారికి అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. కరెంటు అమ్మకం మీద జీఎస్టీ లేదు. చార్జింగ్‌ను కరెంటు అమ్మకం కింద లెక్కేస్తే కస్టమరు దగ్గర జీఎస్టీ వసూలు చేయక్కర్లేదు. కానీ అప్పుడు చార్జర్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద కట్టిన పన్ను క్రెడిట్ కూడా పోతుంది. సేవ కింద లెక్కేస్తే 18 శాతం వసూలు చేసి కట్టాలి. క్రెడిట్ మాత్రం నిలుస్తుంది.

2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ, బండి చార్జింగ్ కరెంటు అమ్మకం కాదు, సేవ అని వివరణ ఇచ్చింది. అప్పటి ఉద్దేశం వేరు. విద్యుత్ చట్టం 2003 ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఆ లైసెన్సు గొడవ లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టుకునే వీలు కల్పించడం. ఆ మాటే తర్వాత పన్ను వైపు తిరిగింది. 2023లో కర్ణాటకలోని చాముండేశ్వరి విద్యుత్ సరఫరా సంస్థ అడిగిన ప్రశ్నకు అక్కడి అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ, చార్జింగ్ సేవేననీ 18 శాతం పన్ను పడుతుందనీ చెప్పింది. ఆ రూలింగ్ అడిగిన సంస్థకే కట్టుబాటు, దేశమంతటికీ కాదు. అయినా ఆడిటర్లు దాన్ని ముందు పెట్టుకునే సలహా ఇస్తారు.

దీని ఫలితం చివరికి బండి నడిపేవారి మీద పడుతుంది. కాప్రాలో సొంతింటి మీటరు మీద చార్జ్ చేసుకునే మనిషి కరెంటు బిల్లులో జీఎస్టీ కట్టడు. ఇంట్లో వీలులేక రోడ్డు మీద చార్జింగ్ స్టేషన్‌కు పోయే అద్దె ఇంటి మనిషి 18 శాతం కడతాడు. సెల్లార్‌లో చోటు లేనివాడే ఎక్కువ కడుతున్నాడు.

నాచారం వర్క్‌షాపు లెక్క

తూర్పు హైదరాబాద్ చార్జర్లు వాడే చోటు మాత్రమే కాదు. 1967లో ఈసీఐఎల్ వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన చేతులున్నాయి. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే ఏ.ఎస్.రావు నగర్ ఉంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి షెడ్లలో ప్యానెల్ బోర్డులు, షీట్ మెటల్ పెట్టెలు, వైరింగ్ హార్నెస్‌లు చేసేవారికి చార్జర్ తయారీ దూరపు విద్య కాదు.

వారికి ఎదురయ్యే హద్దు వేరే రకం. కొనే విడిభాగాల మీద ఎక్కువగా 18 శాతం. అమ్మే చార్జర్ మీద 5 శాతం. కట్టిన పన్ను వసూలు చేసిన దానికంటే ఎక్కువై క్రెడిట్ ఖాతాలో పేరుకుపోతుంది. చట్టం 54(3) దాన్ని నగదుగా వాపసు అడగనిస్తుంది. కానీ ఆ వాపసు ముడి సరుకు, విడిభాగాల మీది పన్నుకే. షెడ్డు అద్దె, టెస్టింగ్ ఫీజు లాంటి సేవల మీద కట్టినదీ, కొన్న యంత్రాల మీద కట్టినదీ వాపసు లెక్కలోకి రావు. 2021 సెప్టెంబరు 13న వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ పరిమితి చెల్లుతుందనే చెప్పింది. వినియోగదారుడికి చవకగా దొరకాలని తగ్గించిన రేటే, చిన్న తయారీదారు పెట్టుబడిని ఖాతాలో ఇరికించింది. నెలనెలా జీతాలివ్వాల్సిన షెడ్డు యజమానికి ఆ డబ్బు కంటికి కనబడుతుంది, చేతికి రాదు.

చార్జర్‌ను బండి నుంచి విడదీస్తే

రాయితీలకు హద్దులెందుకని కోపం వచ్చినప్పుడు 2023లో జరిగింది గుర్తు చేసుకోవాలి. కేంద్రం 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఎలక్ట్రిక్ వాహనాల సబ్సిడీ పథకం ఫేమ్-2లో స్కూటర్ ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటితే సబ్సిడీ ఉండేది కాదు. కొన్ని కంపెనీలు చార్జర్‌ను బండి ధరలో కలపకుండా విడిగా బిల్లు వేశాయి. చార్జర్ లేకుండా ఆ బండి కదలదు కదా అని ప్రభుత్వం ప్రశ్నించింది. చివరికి ఓలా ఎలక్ట్రిక్, ఏథర్, టీవీఎస్, హీరో మోటోకార్ప్ చార్జర్ల కోసం తీసుకున్న డబ్బును కొనుగోలుదారులకు తిరిగి ఇస్తామని ప్రకటించాయి. ఆ వెంటనే 2023 జూన్ 1 నుంచి స్కూటర్ సబ్సిడీ కిలోవాట్ అవర్‌కు 15 వేల నుంచి 10 వేలకు, ధరలో గరిష్ఠంగా 40 శాతం నుంచి 15 శాతానికి తగ్గింది.

చార్జర్ బండిలో భాగమా, వేరే వస్తువా? ధరల పరిమితి లెక్కలో అది భాగమని ప్రభుత్వమే పట్టుబట్టింది. మరి బండికిచ్చే రోడ్డు ట్యాక్స్, వడ్డీ లాభాల దగ్గరికొచ్చేసరికి చార్జర్ వేరైపోయింది. ఈ తేడాను ఎవరో ఒకరు అడగాలి.

డాలస్ శివారు నుంచి ఫోను

మా కోశాధికారి కూతురు అమెరికాలో డాలస్ శివారులో ఉంటుంది. సైనిక్‌పురి, ఏ.ఎస్.రావు నగర్ వైపు ప్రతి రెండో ఇంట్లో ఇలాంటి ఫోన్లే. “మీకక్కడ ఇంటి చార్జర్‌కు పన్ను తగ్గిస్తారట కదమ్మా?” అని పెద్దాయన అడిగితే, “అందరికీ కాదు నాన్నా, మా అడ్రసు చూసి రాదన్నారు” అందట.

ఆమె చెప్పింది నిజమే. అమెరికాలో 30సీ అనే సెక్షన్ కింద ఇంటి చార్జర్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా వెయ్యి డాలర్లు, నేరుగా కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది. కానీ 2023 నుంచి ఆ ఇల్లు తక్కువ ఆదాయం ఉన్న ప్రాంతంలోనో, పట్టణం కాని ప్రాంతంలోనో ఉండాలి. జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతాల (ట్రాక్టుల) పటం చూసి తేలుస్తారు. రోడ్డుకు ఇటువైపు ఇంటికి రాక, అటువైపు ఇంటికి రావచ్చు. అది తాను నివసించే ప్రధాన ఇల్లే అయి ఉండాలి, అద్దెకిచ్చిన రెండో ఇల్లు పనికిరాదు. కట్టాల్సిన పన్ను వెయ్యి డాలర్లకు తక్కువుంటే మిగిలింది చేతికివ్వరు, వచ్చే ఏడాదికీ మోసుకుపోనివ్వరు. వ్యాపారాలకు ఒక్కో చార్జర్‌కు లక్ష డాలర్ల దాకా ఉన్నా, పూర్తి 30 శాతం కావాలంటే పనివాళ్లకు నిర్ణీత వేతనాలివ్వాలి, అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. లేకపోతే 6 శాతమే. 2025 జూలై 4న సంతకమైన చట్టం దీనికి గడువు కూడా పెట్టింది: 2026 జూన్ 30 లోపు వాడకంలోకి వచ్చిన చార్జర్లకే. కొన్న తేదీ కాదు, బిగించి వాడకం మొదలైన తేదీ లెక్క.

అక్కడి హద్దులు మనకంటే సులువైనవేమీ కావు. ఒక్క తేడా మాత్రం ఉంది. అక్కడ తక్కువ ఆదాయం ఉన్న పేటలో సొంతింటివాడు చట్టం కంటికి కనిపించాడు. మన చట్టంలో ఇంటి చార్జర్ ముందు నిలబడ్డ మనిషికి అసలు స్థానం లేదు.

గీతలుండాలి, కానీ ఎక్కడ?

రాయితీకి షరతులు పెట్టడం తప్పు కాదు. అందరి పన్నుల్లోంచి ఇచ్చే డబ్బు అది. కారు కొనగలిగినవాడికే మళ్లీ మళ్లీ ఇస్తూ పోతే, బస్సెక్కే మనిషి డబ్బు కారెక్కే మనిషికి చేరుతుంది. ఒకే ఖర్చు మీద రెండుసార్లు లాభం తీసుకోకూడదు. దొంగ బిల్లులతో వాపసులు రాకూడదు. ఈ కారణాలన్నీ న్యాయమైనవే.

నా అభ్యంతరం గీతల మీద కాదు, అవి పడిన చోటు మీద. కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు కేటాయించారు. అది ప్రజలందరికీ తెరిచి ఉండే స్టేషన్ల కోసం. హైవేలకు, బస్ డిపోలకు అది అవసరమే. కానీ స్కూటర్ రాత్రంతా ఆగేది ఇంటి కింద. మా కుర్రాడు రోజంతా తిరిగి వచ్చి, రాత్రి పదకొండుకు బండి నిలిపి, పొద్దున ఏడుకు తీస్తాడు. ఆ ఎనిమిది గంటలే అతనికి చవకైన చార్జింగ్ సమయం. అక్కడ సాయం లేదు.

సాయం చేయడం అసాధ్యమూ కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2020 ఆగస్టులో తెచ్చిన విధానంలో మొదటి 30 వేల చార్జింగ్ పాయింట్లకు, ఒక్కోదానికి 6 వేల రూపాయల దాకా పరికరం ఖర్చు ఇచ్చింది. పన్ను రిటర్నుతో సంబంధం లేదు. జీఎస్టీ నంబరు అడగలేదు. తెలంగాణ కూడా రోడ్డు ట్యాక్స్ మినహాయింపు గడువు తర్వాత ఏమి చేయాలో ఆలోచించేటప్పుడు, కోట్ల విలువైన కార్లకూ సమానంగా ఇచ్చే మినహాయింపులో కొంత తగ్గించి, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎర్తింగు, ఎంసీబీ, మీటరు ఉన్న పాయింట్లకు ఇవ్వవచ్చు. క్రెడిట్ రూపంలో ఇస్తే రిటర్ను వేసేవాడికే చేరుతుంది. పాయింటు రూపంలో ఇస్తే బండి ఉన్న ప్రతివాడికీ చేరుతుంది.

మళ్లీ సెల్లార్‌లో

రెండు వారాల తర్వాత మళ్లీ కూర్చున్నాం. క్రెడిట్ రాదని పెద్దాయనకు చెప్పాను. ఆయన కొటేషన్ మీద ఆ వరుసను ఎర్ర పెన్నుతో కొట్టేసి, “అయితే ఈ పెద్ద చార్జర్ మనకెందుకు? దీని ధరే క్రెడిట్ వస్తుందన్న లెక్కమీద ఉంది” అన్నారు. నిజానికి మాకు కావలసింది ఫాస్ట్ చార్జర్ కాదు. రాత్రంతా నిలిచే స్కూటర్లకూ రెండు కార్లకూ 15 ఆంప్స్ ప్లగ్గు చాలు. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. ఎవరి ఫ్లాటు మీటరు నుంచి వారి పార్కింగ్‌కు పైపులో వైరు, విడి ఎంసీబీ, లీకేజీ పట్టే బ్రేకరు, సరైన ఎర్తింగు. అందరికీ ఒకే ఎలక్ట్రీషియన్, ఒకే రకం వైరు. లోడ్ పెంచుకోవాల్సినవారు ముందే కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కమ్) దరఖాస్తు పెట్టుకోవాలి. ఎర్తింగు, మెయిన్ బోర్డు మార్పు ఖర్చు అసోసియేషన్‌ది, వైరు ఖర్చు ఎవరిది వారిదని తీర్మానం రాశారు.

“కిరాయికున్నోళ్ల సంగతి?” అని కుర్రాడు మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు కాస్త గట్టిగానే ఉంది. అతని ఫ్లాటు ఓనరు అక్కడే కూర్చుని ఉన్నారు. “వైరు ఇంటికే ఉండిపోతుంది కాబట్టి ఖర్చు నాది. కరెంటు నీ మీటర్లోనే పడుతుంది” అన్నారు. పెద్దాయన ఆ మాట కూడా మినిట్స్‌లో రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించారు. ఏ సెక్షన్ కిందా రాని రాయితీ అది.

పని మూడు రోజుల్లో అయిపోయింది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఇప్పుడు వైరు వేలాడటం లేదు.

సంతకం పెట్టేముందు

• మీరెవరు? ఇంటి వాడకమైతే జీఎస్టీ క్రెడిట్ లేదు. నమోదు లేని సంఘానికి, కాంపోజిషన్ వ్యాపారికి, వైద్యం, చదువు లాంటి పన్ను లేని సేవలిచ్చేవారికి కూడా లేదు.

• బిల్లు ఎలా ఉంది? చార్జర్, కేబుళ్లు, యంత్రం పునాది, సివిల్ పని వేర్వేరు వరుసల్లో ఉండాలి. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

• అమ్మినవారు పన్ను కట్టారా? జీఎస్టీ పోర్టల్‌లో మీ కొనుగోళ్ల క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బీ పట్టికలో ఆ బిల్లు కనబడాలి. అమ్మినవారు పన్ను ప్రభుత్వానికి జమ చేయకపోతే మీ క్రెడిట్‌కూ ఎసరే.

• డబ్బు ఎప్పుడిచ్చారు? బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలి.

• గడువు దాటిందా? ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుకు, ఆ ఏడాది ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు, అంతకుముందే వార్షిక రిటర్ను వేస్తే ఆ లోపే, క్రెడిట్ తీసుకోవాలి.

• రెండు లాభాలా? చార్జర్ ధరలో జీఎస్టీని కూడా కలిపి తరుగుదల చూపిస్తే ఆ జీఎస్టీ మీద క్రెడిట్ పోతుంది. రెండింటిలో ఒకటే.

• నగదు ఇచ్చారా? వ్యాపారం కోసం కొన్న ఆస్తికి ఒకే రోజు ఒకరికి పది వేలకు మించి నగదు ఇస్తే, ఆదాయపు పన్నులో ఆ మొత్తం ఆస్తి ధరలోకి రాదు. బ్యాంకు ద్వారానే కట్టండి.

• చివరిగా: “క్రెడిట్ వస్తుంది” అని ఎవరైనా అంటే, “ఏ సెక్షన్ కింద, ఎవరి పేరు మీద, ఏ తేదీ లోపు?” అని అడగండి. ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాకపోతే, క్రెడిట్ లేదనుకునే ఖర్చు లెక్క వేసుకోండి.